ఊరేగింపులో చిన్న కెమెరా, గానసభలో పెద్ద కెమెరా: చేతికి తెలిసే లెక్క



ఈసారి పాఠం కెమెరా బాడీ గురించి. పిక్చర్ క్వాలిటీ గురించి కాదు, చేతికి పట్టు ఎలా ఉంటుందన్న దాని గురించి. భక్తి వీడియోలు తీద్దామని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు: చిన్నది కొనాలా, పెద్దది కొనాలా? నెలనెలా ఈఎంఐ కట్టుకోవాల్సిన వస్తువు కాబట్టి ఆ భయం న్యాయమే. అందుకని షాపు కౌంటర్ దగ్గర కాకుండా, మన రోడ్ల మీదా మన సభల్లోనూ పెట్టి చూద్దాం.

హనుమాన్ విజయ యాత్రనే తీసుకోండి. చైత్ర పౌర్ణమి రోజు గౌలిగూడ రామమందిరం దగ్గర బయలుదేరి తాడ్‌బండ్ హనుమాన్ గుడి దాకా వెళ్తుంది, సుమారు 12 కిలోమీటర్లు. కాచిగూడ చౌరస్తా దాటి నారాయణగూడ వైఎంసీఏకి వస్తుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్, అశోక్ నగర్ మీదుగా కవాడిగూడ వైపు సాగుతుంది. మన పేటల్లో ఉన్నవాళ్లకి ఇంటి ముందుకొచ్చే ఉత్సవం అన్నమాట. వైఎంసీఏ దగ్గర నిలబడి స్వామి వాహనం వచ్చేదాకా ఎదురు చూసి, అక్కడి నుంచి జనంతో పాటు అశోక్ నగర్ దాకా నడుస్తూ తీశారనుకోండి. ఎండలో, తోపులాటలో, చెయ్యి తలపైకెత్తి గంటల తరబడి తియ్యాలి. కెమెరా సుఖమో కష్టమో అక్కడ తేలుతుంది.

ఇప్పుడు అంకెలు. సోనీ ఏ7 4 బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 658 గ్రాములు. దాని చిన్న తమ్ముడు లాంటి ఏ7సి 2 బరువు 514 గ్రాములు. తేడా 144 గ్రాములు, అంటే మన జేబులో ఉన్న ఫోను కంటే తక్కువ. ఈ రెండింటికీ 70-200 ఎఫ్2.8 జీఎం 2 లెన్సు తగిలించండి. లెన్సు ఒక్కటే 1045 గ్రాములు. మొత్తం ఒకటి 1703, ఇంకోటి 1559 అవుతుంది. ఈ స్థాయిలో ఆ 144 గ్రాములు తగ్గిన సంగతి చెయ్యి గుర్తుపట్టదు. పైగా నా అనుభవంలో ఆ లెన్సుతో తేలికైనదే ఎక్కువ బాధపెడుతుంది.

ఎందుకంటే ఏ7 4 ఎత్తు 96 మిల్లీమీటర్లు, ఏ7సి 2 ఎత్తు 71. ఈ తేడా అంతా గ్రిప్‌ది కాదు, పెద్దదానికి పైన వ్యూఫైండర్ గూడు కూడా ఉంది. అయినా చిన్నదాని గ్రిప్ పొట్టిదే. మగవాళ్ల చేతుల్లో చాలావాటికి చిటికెన వేలు కిందికి జారిపోతుంది. పట్టు మూడు వేళ్ల మీద నిలుస్తుంది. ముందున్న లెన్సు బరువు మాత్రం కిందికి లాగుతూనే ఉంటుంది. నీళ్ల బిందె చంకలో పెట్టుకుంటే ఎంత దూరమైనా నడుస్తాం. అదే బిందె చెయ్యి చాచి పట్టుకోమంటే నాలుగు అడుగులకే మణికట్టు లాగేస్తుంది. బిందె మారలేదు కదా, మనకీ దానికీ మధ్య దూరం మారింది. పొడుగు లెన్సు చేసే పని కూడా అదే.

కాబట్టి ముందు లెన్సు తేల్చుకోండి, బాడీ తర్వాత. అదే ఏ7సి 2 మీద 167 గ్రాముల 28-60 లెన్సు వేస్తే మొత్తం 681 గ్రాములు. 85 ఎఫ్1.8 వేస్తే 885. ఇక్కడ చిన్న బాడీ నిజంగా చిన్నదే, పొద్దుటి నుంచి చేతిలో ఉన్నా బరువనిపించదు. ఊరేగింపుకి నా ఓటు దీనికే.

బరువు ఒక్కటే కారణం కాదు. జనం మధ్యలో పెద్ద లెన్సు ఎత్తగానే బామ్మలు కొంగు సర్దుకుంటారు, పిల్లలు వేళ్లు విరిచి ఫోజులిస్తారు, దండం పెడుతున్నవాళ్లు దండం ఆపి మన వైపు చూస్తారు. మనం తియ్యాలనుకున్న భక్తి ఆ క్షణంలోనే పోతుంది. చిన్న కెమెరాని ఎవరూ అంతగా పట్టించుకోరు. పక్కవాళ్ల దర్శనానికి అడ్డం కూడా తక్కువ. ఈ ఒక్క విషయం స్పెక్ షీట్‌లో ఎక్కడా రాయరు.

అయితే ‘చిన్నది’ అనగానే అన్నిట్లోకీ చవకది తీసుకుందామనుకునేవాళ్లు ఒకటి గమనించండి. సోనీ జడ్‌వీ-ఈ10 (343 గ్రాములు), కెనాన్ ఆర్50 (375 గ్రాములు) మంచి కెమెరాలే, కానీ వాటి బాడీలో స్టెబిలైజేషన్ లేదు. నడుస్తూ తీస్తే అడుగడుగుకీ వీడియో ఊగుతుంది. అప్పుడు గింబల్ కొంటారు. చిన్నసైజు గింబలే ముప్పావు కిలో పైన ఉంటుంది. తేలికని కొన్న కెమెరా కాస్తా కిలో దాటేసి, చెయ్యి చాచి పట్టుకోవాల్సిన కర్ర మీదెక్కి కూర్చుంటుంది. మళ్లీ బిందె కథే! నిలబడి తీసేవాళ్లకి ఇవి చాలు. నడుస్తూ తీసేవాళ్లు బాడీలో స్టెబిలైజేషన్ ఉన్న చిన్నదాని కోసం ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టుకోవడం మేలు.

ఇంకోటి, ఎండ. చిన్న బాడీకి వేడి బయటికి పోయే జాగా తక్కువ. 4కే పెట్టి ఆగకుండా తీస్తే మధ్యలో ఆగిపోవచ్చు. సోనీలో అయితే వేడికి ఆఫ్ అయ్యే సెట్టింగ్ మెనూలో ఉంటుంది, దాన్ని ‘హై’లో పెట్టుకోండి. క్లిప్పులు పొట్టిగా తియ్యండి. తియ్యనప్పుడు కెమెరా మీద తెల్ల తువ్వాలు కప్పండి. మెట్రో పిల్లర్ల నీడ ఉండగా ఎండలో నిలబడి వీరత్వం చూపించక్కర్లేదు.

ఇక పట్టుకునే పద్ధతి. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే తీరు చెప్తూ స్వామి శరీరం, తల, మెడ ఒకే వరసలో కదలకుండా ఉంచమంటాడు. ఆసనం మరీ ఎత్తుగానూ, మరీ పల్లంగానూ ఉండకూడదంటాడు. అది ధ్యానం కోసం చెప్పిన మాటే, నేను కెమెరాకి వాడుకుంటున్నాను. మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి. ఎడమ చెయ్యి లెన్సు కింద అరచేయిలా పరవాలి. బరువు ఆ చెయ్యి మొయ్యాలి, కుడి చెయ్యి బటన్ల కోసం. మెడ ముందుకి వంచకుండా కెమెరానే కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. ఇలా పడితే పొట్టి గ్రిప్‌తో కూడా చాలాసేపు తియ్యొచ్చు.

ఇప్పుడు రోడ్డు దిగి చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకి వెళ్దాం. హరికథో, అన్నమయ్య కీర్తనల కచేరీయో రెండు గంటలు. కెమెరా ట్రైపాడ్ మీద. ఇక్కడ లెక్క మొత్తం తిరగబడుతుంది. బరువు చేతిది కాదు, స్టాండుది. కాబట్టి చిన్న బాడీ ఇచ్చే సుఖం ఏమీ లేదు, దాని ఇబ్బందులు మాత్రం ఉంటాయి.

కెనాన్‌లో ఆర్8, ఆర్6 మార్క్ 2 రెండింటిలోనూ 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ సెన్సరే. ఆర్8 461 గ్రాములు, ఆర్6 మార్క్ 2 670 గ్రాములు. ఆ రెండొందల గ్రాముల్లో ఏమున్నాయో చూడండి. చిన్నదాని బ్యాటరీ 1040 ఎంఏహెచ్, పెద్దదాని బ్యాటరీ 2130. చిన్నదానికి ఒక కార్డు, పెద్దదానికి రెండు. బాడీలో స్టెబిలైజేషన్ పెద్దదానికే ఉంది. హరిదాసు గారు సరిగ్గా సీతా కల్యాణం ఎత్తుకునే వేళకి బ్యాటరీ అయిపోతే ఏం చేస్తాం? చాలా చిన్న బాడీల్లో బ్యాటరీ తలుపు అడుగునే ఉంటుంది, ట్రైపాడ్ ప్లేటు దానికి అడ్డం పడుతుంది. కెమెరా దింపి, ప్లేటు ఊడదీసి, బ్యాటరీ మార్చి, మళ్లీ ఫ్రేము కుదుర్చుకునేసరికి కల్యాణం అయిపోయి మంగళహారతి పాడుతుంటారు. ఆ కథకుడు ఆ కథ ఆ రోజు చెప్పినట్టు మళ్లీ చెప్పడు. రెండో కార్డులో కాపీ ఉండడం కూడా అందుకే. సభల రికార్డింగే మీ ప్రధానమైన పని అయితే పెద్దది తీసుకోండి, నాకు ఇందులో సందేహం లేదు.

‘పెద్ద బాడీ అంటే చేతికి సౌకర్యం’ అనేది కూడా అందరికీ వర్తించదు. చిన్న చేతులున్నవాళ్లకి, ముఖ్యంగా చాలామంది అమ్మాయిలకి, పెద్ద గ్రిప్ చుట్టూ వేళ్లు తిప్పి పట్టుకుంటే బొటనవేలు వెనక డయల్‌కి అందదు. అందుకోవడానికి ప్రతిసారీ పట్టు సడలించాలి. వాళ్లకి మధ్య సైజు బాడీ నప్పుతుంది. అన్నట్టు, గాజులు వేసుకుని తీసేవాళ్లు కుడి చేతి గాజులు పైకి జరుపుకోండి. కెమెరా మైకులో వాటి చప్పుడు తాళం కంటే బాగా పడుతుంది.

కొనే ముందు ఒక పరీక్ష. నారాయణగూడ తర్వాతి మెట్రో స్టేషన్ సుల్తాన్ బజార్, దిగితే కోఠి షాపులు దగ్గరే. షాపులో మామూలుగా ఖాళీ బాడీ చేతికిస్తారు, అది ఎవరికైనా తేలికే. ‘అన్నా, బ్యాటరీ వేసి, నేను వాడే లెన్సు పెట్టి ఇవ్వండి’ అని అడగండి. కంటి దగ్గర పెట్టుకుని మనసులో హనుమాన్ చాలీసా ఒకసారి పూర్తిగా చదవండి. తీరిగ్గా చదివితే ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. చదవడం అయ్యాక నొప్పి ఎక్కడుందో చూసుకోండి. మణికట్టు లాగుతుంటే లెన్సు బరువెక్కువ. వేళ్ల మొదళ్లు నొప్పెడితే గ్రిప్ పొట్టిది. బొటనవేలు అలిసిపోతే బాడీ మీ చేతికి పెద్దది. భుజం నొప్పయితే మొత్తం బరువే ఎక్కువ, బాడీ మార్చినా లాభం ఉండదు. గ్రిప్ పొట్టిదయితే బాడీ మార్చక్కర్లేదు, అడుగున తగిలించే గ్రిప్ ఎక్స్‌టెన్షన్ వేస్తే చిటికెన వేలికి చోటు దొరుకుతుంది. ఏ7సి 2కి సోనీదే జీపీ-ఎక్స్2 ఉంది.

అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ మధ్యలో వీడియోలు తీసే తమ్ముళ్లు, చెల్లెళ్లు అసలు వెంటనే కొనొద్దు. యాత్ర రోజుకి చిన్నది, సభ రోజుకి పెద్దది అద్దెకి తీసుకోండి. నాలుగైదు కార్యక్రమాలు అయ్యేసరికి మీరు ఏ రకం పని ఎక్కువ చేస్తున్నారో మీ చేతికే తెలిసిపోతుంది. ఏది కొన్నా మెడ బెల్టు మాత్రం మానెయ్యండి. గుళ్లో వంగి దండం పెట్టగానే కెమెరా ఊగి ముందున్న రెయిలింగ్‌కి కొట్టుకుంటుంది. భుజం మీదుగా అడ్డంగా వేసుకునే బెల్టు అయితే వీపు వైపు తోసేసుకుని రెండు చేతులూ జోడించొచ్చు.