పీఠము మారునపుడు శివసంకల్పమును గుర్తించుట ఎట్లు?



గురువు లింగైక్యము నొందినపుడు మఠమునందును, పెద్దదిక్కు తొలగినపుడు కుటుంబమునందును ఒకే ప్రశ్న పుట్టును: ఇకమీదట మనలను నడుపువారెవరు? అట్టి సమయమున ప్రతి పక్షమువారును తాము కోరినవానినే శివుడును కోరినాడందురు. మన కోరిక యేది, శివసంకల్ప మేది యని వేరుపరచి చూచుటయే ఈ పాఠమునకు విషయము.

తెలుగు కుటుంబములవారు పాల్కురికి సోమనాథుని బసవపురాణము మూలమున బసవేశ్వరు నెరుగుదురు. శూన్యసింహాసన వృత్తాంతము మాత్రము కన్నడమునందలి ‘శూన్యసంపాదనె’లో విస్తరముగా నున్నది. 12వ శతాబ్ది శరణుల వచనములను సంవాదరూపమున కూర్చిన ఈ గ్రంథమును 15వ శతాబ్దిలో శివగణప్రసాది మహదేవయ్య తొలుత సంకలించెను. కావున దీనిని శాసనముగా గాక, సంప్రదాయ మందించిన బోధగా గ్రహింపవలెను. ఇందు మనకు మూడు సంగతులు కలవు.

మొదటిది. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారాధికారి. అనుభవ మంటపమునకు ఆయనయే ఆధారము. అయినను శూన్యసింహాసనముపై తాను కూర్చుండక, సంపదయు పరివారమును లేక దేశసంచారము చేయుచుండిన అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. కట్టినవానికే పీఠము చెల్లవలె నను వాద మచటనే వీగిపోయినది.

రెండవది. అల్లముని తరువాత ఆ పీఠము చెన్నబసవణ్ణకు లభించినది. ఆయన బసవేశ్వరుని అక్కయగు నాగమ్మ కుమారుడు. మేనల్లుడగుటచేతనే లభించినదా యని ఎవరైన అడుగవచ్చును. కాని ఆయన షట్‌స్థల జ్ఞానమునందు చక్రవర్తి యని కొనియాడబడినవాడు. చెరువులు, గుడులు కట్టించి కీర్తి గాంచిన సొన్నలిగె సిద్ధరాముడే ఆయనచేత ఇష్టలింగ దీక్ష గైకొనెను. చెన్నబసవణ్ణ తరువాత పీఠమెక్కినవాడు ఆ సిద్ధరాముడే, బంధువు కాడు. కనుక చుట్టరికము అర్హతయు కాదు, అనర్హతయు కాదు.

మూడవది. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడైనాడు. శరణులు కల్యాణమును విడిచి చెదరిపోయిరి. చెన్నబసవణ్ణతో కొందరు ఉళవి అడవులకు జేరిరి. ఊరు పోయినది, మంటపము పోయినది, వచనములు నిలిచినవి. పీఠము ధర్మమునకు ఆసనమే గాని ధర్మము కాదు.

ఇక గుర్తించు విధానము. కలలు, శకునములు, చీట్లు తీయుట మన మనస్సులోని మాటనే మరల మనకు వినిపింపవచ్చును. వానికి ముందు పంచాచారములను ఐదు ప్రశ్నలుగా చేసికొనుడు.

లింగాచారము: ఇతడు ఇష్టలింగమునే నమ్మినాడా, ధనమును అధికారమును నమ్మినాడా?

సదాచారము: కాయకముచే బ్రతుకుచున్నాడా? దాసోహపు పైకమునకు లెక్క చూపగలడా?

శివాచారము: లింగధారుల నందరిని హెచ్చుతగ్గులు లేక చూచుచున్నాడా?

భృత్యాచారము: తాను శరణులకు సేవకుడనని నడచుకొనుచున్నాడా, ఏలికనని తలచుచున్నాడా?

గణాచారము: ధర్మమునకు హాని కలిగినపుడు తనవారినైనను కాదనగలడా?

ఈ ప్రశ్నలను ఒక్కరు మూలగదిలో అడిగికొనరాదు. అనుభవ మంటపమునందు ప్రశ్నింపబడనివారు లేరు. అక్కమహాదేవి సైతము అల్లముని ప్రశ్నలకు సమాధానము చెప్పి శరణుల మన్ననను పొందినది. కావున మఠమున భక్తులను, ఇంట స్త్రీలను, పిన్నలను గూడ విచారింపవలెను. నోరు మూయించి సాధించిన ఏకాభిప్రాయము శివసంకల్పము కాజాలదు.

ఐదు ప్రశ్నలకును ఇరువురు సమానముగా నిలిచినచో నేమి? అప్పుడు శివుడు మనకు స్వేచ్ఛ నిచ్చినాడని తెలియుడు. వారిలో నెవరైనను తగుదురు. అపుడు పరీక్ష వారిది కాదు, మనది. మనము కోరనివారు పీఠమెక్కినను వారి పాదోదకమును స్వీకరింపగలమా? మన పక్షము గెలిచినచో ఓడినవారి పక్కన కూర్చుండి ప్రసాదము భుజింపగలమా? ఈ రెంటికిని ‘అవు’ననలేని వాడు ఇంకను తన సంకల్పమునే శివసంకల్ప మనుచున్నాడు.

అభ్యాసము: ఈ ఐదు ప్రశ్నలను మీ యింటిల్లిపాదియు కలిసి చదువుడు. మొదట ఎవరిని వారే ప్రశ్నించుకొని, పిమ్మట పెద్దరికము వహించువారిని గూర్చి విచారింపుడు.

శరణు శరణార్థి.