నూనె మారితే కాలేయం పని మారుతుంది

రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగిందనగానే మనం ముందు గుడ్డును తప్పుపడతాం. అంతకంటే ఎక్కువగా చూడవలసింది వంటలో వాడే కొవ్వును. మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరమే తయారుచేసుకుంటుంది. అందులో కాలేయానిది ముఖ్యపాత్ర. చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసివేసేదీ ప్రధానంగా కాలేయమే. అందుకు దాని కణాలపై గ్రాహకాలు ఉంటాయి. వీటిని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది.

నెయ్యి, పామాయిల్‌లలోని సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది. ఎల్‌డీఎల్ రక్తంలోనే నిలిచి, రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. దాని బదులు పొద్దుతిరుగుడు, నువ్వుల, వేరుశనగ నూనెలు వాడితే వాటిలోని అసంతృప్త కొవ్వు వల్ల గ్రాహకాలు చురుకవుతాయి. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు రెండు విధాలా చేటు: ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, మేలుచేసే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వులలో దీన్ని 2 శాతానికి పరిమితం చేశారు.

ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. కనుక మార్చడంతోపాటు తగ్గించాలి కూడా. దావత్‌లో బిర్యానీకైనా, పేదలకిచ్చే రేషన్ కిట్‌కైనా నూనె కొనేటప్పుడు ధరతోపాటు ప్యాకెట్‌పై సంతృప్త కొవ్వు ఎంతుందో చదువుదాం. కిట్ అందుకునేవారికి ఎంచుకునే వీలుండదు. వారి తరఫున ఎంచుకునేది మనమే.