బాండ్ డబ్బు ఎవరి దగ్గరుంది?

ప్రశ్నలు - జవాబులు

ఈ నెల దొర్నిపాడు, ఆళ్లగడ్డ, నంద్యాల వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో అద్దె ఇళ్లవే ఎక్కువ. కొన్ని ఇక్కడి బాధలు, కొన్ని ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలవి. అన్నీ కలిపే ఇస్తున్నాం.

ప్రశ్న: మావాడు మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. టార్నీట్‌లో ఒక ఇంట్లో ఇంకో ఇద్దరు తెలుగు పిల్లలతో ఉండేవాడు. చేరేటప్పుడు బాండ్ (అద్దె అడ్వాన్స్) అని 800 డాలర్లు కట్టించుకున్నారు. ఇల్లు లీజుకు తీసుకున్న అబ్బాయి కూడా మనవాడే. ఇప్పుడు వేరేచోటికి మారితే, గోడ పాడైంది, బాండ్ రాదు అంటున్నాడంట. మావాడేమో 'గొడవెందుకులేమ్మా, వీసాకు ఇబ్బంది' అని ఊరుకున్నాడు. కేసీ కాలువ కింద పండిన వడ్లు అమ్మి పంపిన డబ్బు. వదులుకోవాల్సిందేనా?
- ఒక తల్లి, దొర్నిపాడు

జవాబు: వదులుకోవద్దమ్మా. ముందు ఆ వీసా భయం మనసులోంచి తీసేయండి. అద్దె ఇంటి తగాదా సివిల్ వ్యవహారం. తన బాండ్ తాను అడిగినందుకో, ట్రైబ్యునల్‌కు వెళ్లినందుకో స్టూడెంట్ వీసా పోదు. ఆ వీసా షరతులు చదువు, పని గంటలు, ఇన్సూరెన్స్ లాంటి వాటి మీద ఉంటాయి. కొత్తగా దిగిన పిల్లలకు ఈ సంగతి తెలియదు. తెలియదన్న ధైర్యంతోనే కొందరు వాళ్ల సొమ్ము తింటున్నారు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1997 నాటి అద్దె చట్టం అమల్లో ఉంది. 2021 మార్చిలో దాన్ని చాలావరకు మార్చారు. దాని ప్రకారం బాండ్ ఓనరు జేబులో ఉండటానికి వీల్లేదు. పుచ్చుకున్న పది పనిదినాల్లోపు రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థలో జమ చేయాలి. జమైనట్టు అద్దెకున్నవాళ్లకు రసీదు వస్తుంది. ఇల్లు లీజుకు తీసుకుని అందులో గదిని మళ్లీ అద్దెకిచ్చినవాడు మీ అబ్బాయికి ఓనరు కిందే లెక్క. ఓనరుకుండే బాధ్యతలన్నీ అతని నెత్తిన పడతాయి. ఇక గోడ సంగతి. మామూలు వాడకంలో వచ్చే మరకలకు, అరుగుదలకు బాండ్‌లో కోత పెట్టకూడదు. అంతకుమించిన నష్టం ఉందంటే దాన్ని రుజువు చేయాల్సింది అడిగేవాడే.

మీవాడిని ఈ రోజే ఒక పని చేయమనండి. 'ఫలానా తేదీన నీకిచ్చిన 800 డాలర్ల బాండ్ అథారిటీలో ఏ నంబరు మీద జమ చేశావు?' అని ఆ అబ్బాయికి రాతపూర్వకంగా, వాట్సాప్‌లో అయినా సరే, అడగమనండి. బ్యాంకు నుంచి డబ్బు పంపిన ఆధారం, పాత మెసేజ్‌లు, గది ఫొటోలు ఒకచోట పెట్టుకోవాలి. జవాబు రాకపోతే అద్దె తగాదాల కోసం 2025లో విక్టోరియా ప్రభుత్వం పెట్టిన ఉచిత పరిష్కార సేవ ఉంది. అక్కడా తేలకపోతే వీక్యాట్ అనే ట్రైబ్యునల్ ఉంది. టెనెంట్స్ విక్టోరియా అనే సంస్థ సలహా ఇస్తుంది, రుసుము తీసుకోదు.

'మనవాడి మీద ఫిర్యాదు చేస్తే బాగుండదేమో' అని మీకు అనిపించొచ్చు. పరాయి దేశంలో దిక్కు తెలియని పిల్లవాడి దగ్గర రసీదు ఇవ్వకుండా డబ్బు తీసుకున్నప్పుడు అతనికి ఆ మొహమాటం కలగలేదమ్మా. మీవాడు అడిగితే, రేపు ఆ గదిలో చేరబోయే పిల్లవాడికీ మేలు జరుగుతుంది.

ప్రశ్న: పాప చదువుకు సిడ్నీ వెళ్తోంది. గది అద్దె వారానికి 300 డాలర్లు, అంటే నెలకు 1,200, అది పార్ట్‌టైమ్ పనితో వెళ్లిపోతుంది అని కన్సల్టెన్సీవాళ్లు చెప్పారు. ఇంకొకరెవరో ఆరు నెలల అద్దె ముందే పంపితే గది ఖాయం చేస్తామంటున్నారు. పంపమంటారా?
- ఒక తండ్రి, చాకరాజువేముల

జవాబు: పంపొద్దన్నా. చూడని గదికి ఒక్క డాలరు కూడా పంపొద్దు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో రెండు వారాల అద్దెకు మించి ముందుగా కట్టమని అడగకూడదు. బాండ్ నాలుగు వారాల అద్దె దాటకూడదు. ఆరు నెలలది అడుగుతున్నాడంటే ఆ మనిషికి చట్టం తెలియకపోవాలి, లేదా మోసం చేసే ఉద్దేశమైనా ఉండాలి. మొదటి రెండు మూడు వారాలకు యూనివర్సిటీ హాస్టల్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో దిగి, గదిని కళ్లారా చూశాకే కట్టమనండి.

ఇక లెక్క. అక్కడ అద్దె వారాల మీద నడుస్తుంది, ఏడాదికి 52 వారాలు. వారానికి 300 అంటే ఏడాదికి 15,600, నెలకు 1,300. నాలుగుతో హెచ్చవేసి చెప్పే కన్సల్టెన్సీలు ఏడాదికి 1,200 డాలర్ల ఖర్చును మీకు కనపడకుండా చేస్తున్నాయి. క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలి. 2025 జూలై నుంచి దేశం మొత్తానికీ నిర్ణయించిన కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. వారానికి 24 గంటల పని పూర్తిగా దొరికినా పన్నుకు ముందు ఆరొందలు వస్తాయి. అందులో సగం గదికే పోతుంది. తక్కువ ఆదాయమున్న కుటుంబం రాబడిలో 30 శాతానికి మించి ఇంటికే పెడుతుంటే అది ఇబ్బందుల్లో ఉన్నట్టు ఆ దేశంలోనే లెక్కగడతారు. మీ పాప మొదటి నెలే 50 శాతం దగ్గర మొదలుపెడుతుంది. 2024 మే 10 నుంచి వీసాకు ఏడాది ఖర్చుల కింద 29,710 డాలర్లు చూపించాలన్నారు. మన డబ్బులో పదహారు లక్షల పైమాట. అది కాగితం మీద చూపించి వెనక్కి తీసుకునే సొమ్మనుకోకండి. నిజంగా ఖర్చవుతుంది.

విదేశీ విద్యార్థులు రావడం వల్లే అద్దెలు పెరిగాయని అక్కడ కొందరు అంటుంటారు. జనానికి తగ్గట్టు ఇళ్లు కట్టకపోవడం, ఇంటిని పెట్టుబడిగా కొనేవాళ్లకు పన్ను రాయితీలివ్వడం అంతకన్నా పెద్ద కారణాలని నా అభిప్రాయం. 2024 జూలై నుంచి ఐదేళ్లలో 12 లక్షల కొత్త ఇళ్లు కడతామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మీ పాప చదువు అయిపోయేలోపు దానివల్ల అద్దె తగ్గుతుందని నేననుకోను. ఒక ఊరట మాత్రం ఉంది. ఆ రాష్ట్రంలో అద్దె ఏడాదికి ఒకసారికి మించి పెంచకూడదు. 2025 మే 19 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించడమూ కుదరదు.

ప్రశ్న: నేను నంద్యాలలో ప్రైవేటు స్కూలు టీచర్ని. జిల్లా కేంద్రమయ్యాక అద్దెలు బాగా పెరిగాయి. మా ఇంటాయన వచ్చే నెల నుంచి రెండు వేలు పెంచు, లేకపోతే వారంలో ఖాళీ చెయ్యి, వినకపోతే మోటారు ఆపేస్తా అంటున్నాడు. నాలుగు నెలల అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉంది. రాతకోతలేవీ లేవు.

జవాబు: చెల్లెమ్మా, పైన ఆ తల్లికి చెప్పిన బాండ్ అథారిటీ లాంటిది మనకు లేదు. మీ అడ్వాన్స్ ఇంటాయన మంచితనం మీద ఆధారపడి ఉంది. ఇది మారాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో మన రాష్ట్రం 2017లో కొత్త చట్టం చేసుకుంది. దానికి రాతపూర్వక ఒప్పందమే ఆధారం. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా చట్టం ఇంటి అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదంటుంది, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాసి చెప్పాలంటుంది, నీళ్లూ కరెంటూ ఆపొద్దంటుంది. మంచి మాటలే, కానీ నమూనా నమూనాయే.

అయినా మీరు నిరాధారంగా లేరు. నెలవారీ అద్దెకున్నవాళ్లకు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. బలవంతంగా బయటికి పంపితే ఆరు నెలల్లోపు కోర్టుకెళ్లి తిరిగి ఇంట్లో చేరే హక్కు ఉంది. లాయరు ఖర్చుకు భయపడకండి. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. 1987 చట్టం ఆ హక్కు ఇచ్చింది. నంద్యాల కోర్టు ఆవరణలో అడగండి. ఈ నెల నుంచి అద్దె ఫోన్‌పే ద్వారానే కట్టండి, నాలుగు నెలల అడ్వాన్స్ సంగతి ఏదో ఒక మెసేజ్‌లో ఆయన చేతే ఒప్పించండి.

ప్రశ్న: ఆళ్లగడ్డలో టు-లెట్ బోర్డు చూసి వెళ్తే, 'ఏమోళ్లు?' అని అడుగుతారు. చెప్పాక ఇల్లు లేదంటారు. చట్టం ఏమీ చేయదా?

జవాబు: నలుగురిలో కులం పేరెత్తి అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టొచ్చు. 'ఇల్లివ్వను' అన్నంత మాత్రాన కోర్టులో నిలబెట్టడం కష్టం, మీకు అబద్ధం చెప్పలేను. ఆస్ట్రేలియాలో జాతి చూసి, రంగు చూసి ఇల్లు లేదనడం 1975 నుంచి చట్టవిరుద్ధం. మన పిల్లలకు అక్కడ ఆ రక్షణ కోరుకుంటూ, ఇక్కడ మన వాకిట్లో నిలబడ్డ మనిషిని కులం అడగడం అన్యాయం. బోర్డు కట్టుకున్న ప్రతి పాఠకుడికీ, పాఠకురాలికీ ఈ మాట రాస్తున్నాను.

ప్రశ్న: అద్దె కట్టలేక మెల్‌బోర్న్‌లో ఇల్లే కొనేద్దాం, రెండెకరాలు అమ్మమంటున్నాడు మా అబ్బాయి. చదువైపోయి పని చేసుకునే వీసా మీద ఉన్నాడు.
- ఒక రైతు, దొర్నిపాడు మండలం

జవాబు: ఇప్పుడే అమ్మొద్దన్నా. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు పాత ఇళ్లు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు నిషేధం ఉంది, మినహాయింపులు చాలా తక్కువ. కొత్తగా కట్టిన ఇల్లయితే ప్రభుత్వ అనుమతి తీసుకుని కొనొచ్చు కానీ, విక్టోరియాలో విదేశీ కొనుగోలుదారుల మీద 8 శాతం అదనపు సుంకం పడుతుంది. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తే ఆ సుంకం ఉండదు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు 5 శాతం డిపాజిట్‌తో కొనే పథకం 2023 జూలై నుంచి పీఆర్ ఉన్నవాళ్లకూ వర్తిస్తోంది. అప్పుడు రెండెకరాలు అమ్మే అవసరమే రాకపోవచ్చు. బేరం మాట్లాడే ముందు మీ అబ్బాయి వీసా ఎప్పటిదాకా ఉంది, పీఆర్‌కు దరఖాస్తు ఏ దశలో ఉంది అని అడిగి తెలుసుకోండి.