చెరువు హద్దు మీ ప్లాటు మీదుగా వెళ్తే

ప్రశ్న: హైదరాబాద్ శివారులో 200 గజాల ప్లాటు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయింది, ఈసీలో ఏ లోపమూ లేదు. ఇప్పుడు చెరువుకు కొత్తగా తయారుచేసిన ఎఫ్‌టీఎల్ మ్యాపులో సగం ప్లాటు బఫర్ జోన్‌లో ఉంది. మా స్థలం పోయినట్టేనా?

జవాబు: పోలేదండి. స్థలం మీదే. కానీ బఫర్‌లో పడిన భాగంలో ఇల్లు కట్టడానికి వీల్లేదు.

చెరువు మత్తడి మట్టం దాకా నిండినప్పుడు నీళ్లు ఎంత మేర పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్. 2012 నాటి జీవో 168 ప్రకారం దాని లోపల ఏ నిర్మాణమూ కూడదు. శిఖం భూమికి పట్టా ఉన్నా అంతే. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి మరో 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్. దాని బయట, సెట్‌బ్యాక్‌లు వదిలాక చోటు మిగిలితే ఇంటి అనుమతి అడగవచ్చు.

ముందుగా ఆ మ్యాపు ప్రాథమిక నోటిఫికేషన్‌దా, తుది నోటిఫికేషన్‌దా చూడండి. ప్రాథమికమైతే అందులో చెప్పిన గడువులోపే హెచ్‌ఎండీఏకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి, గ్రామ నక్షా జత చేయండి. మత్తడి ఎత్తును ఎంతగా తీసుకున్నారు, తర్వాత ఎవరైనా దాన్ని పెంచారా అని అడగండి. మత్తడి పెరిగితే నీటి హద్దూ జరుగుతుంది. ఇరిగేషన్, రెవెన్యూ అధికారులు మీ సమక్షంలో ఉమ్మడి సర్వే చేయాలని కోరండి. రసీదు తీసుకోవడం మరవొద్దు. సర్వే కాగితాలు ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ అభ్యంతరాన్ని పట్టించుకోకుండా తుది నోటిఫికేషన్ ఇస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

ఇప్పటికే ఇల్లు కట్టుకున్నవారికి ఒక హెచ్చరిక. కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని, వాదన వినాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న చెప్పింది. అయితే జలవనరుల్లోని అక్రమ కట్టడాలకు అది వర్తించదని అదే తీర్పులో ఉంది. కాబట్టి ఆ తీర్పు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఇంటి అనుమతి పత్రాలు సిద్ధంగా ఉంచుకుని, నోటీసు అందిన రోజే వకీలును కలవండి.

రెరా పరిధిలోని వెంచర్ బ్రోచర్‌లో తప్పుడు మాటలు నమ్మి నష్టపోతే, ఆ చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

ఇక కొనబోయేవారికి. ఈసీలో లావాదేవీలే కనిపిస్తాయి, నీటి హద్దు కనిపించదు. సర్వే నంబరును హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుతో సరిచూడండి, ఇరిగేషన్ ఎన్‌ఓసీ అడగండి. ఆ ఊళ్లో చెరువు కింద సాగు చేసిన పెద్దరైతును కలిసి, మత్తడి దుంకిన ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమనండి. అడ్వాన్సు ఇచ్చేది ఆ తర్వాతే.