దవడ నొప్పియు, సూది మందును

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తి తీతలు ముగియకమునుపే మిరప కోతలు మొదలగును. ఈ దినములలో కూలిజనులు ఒంటి నొప్పులను లెక్కచేయరు. దవడ నొప్పి యనిన మరింత చులకన. పన్ను నొప్పియని తలచి మంచి పన్నును పీకించుకొన్నవారును, చెవిపోటని చుక్కలు వేసికొన్నవారును గలరు. ఇట్టి నొప్పికి కండరములను సడలించు సూది మందు ఒకటి గలదు. ఆపదలో జనులు మొదట సలహా నడుగునది పంచాయతి సభ్యులనే. కావున ఆ మందు ఎట్టిదో, ఎప్పుడు తగునో ఇచట వివరింతుము.

చెవికి ముందుభాగమున వ్రేలుంచి నోరు తెరచి మూసినచో కదలుచు తగులునది దవడ కీలు. దీనిని నడపు బలమైన కండరములు చెంపలలోను, కణతలలోను ఉన్నవి. నిద్రలో పండ్లు కొరుకుట, దిగులుచే పండ్లు బిగించుట, ఎల్లవేళల వక్కలు నములుట మొదలగు అలవాట్లవలన ఇవి అలసి బిగిసిపోవును. ఉదయము లేచునప్పటికి దవడ పట్టివేసినట్లుండుట, కణతలు నొచ్చుట, నోరు తెరచునప్పుడు నొప్పితో టక్కుమని చప్పుడగుట దీని గుర్తులు.

సూది మందు పేరు బొటులినమ్ టాక్సిన్. బొటాక్స్ అనునది దాని వ్యాపారనామములలో ఒకటి. ఇది పుట్టుకచే విషము. 1895లో బెల్జియం దేశపు ఒక పల్లెలో చెడిన పందిమాంసము తిని వాద్యగాండ్రు జబ్బుపడగా, వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు అందుకు కారణమైన క్రిమిని కనుగొని 1897లో ప్రకటించెను. ఈ విషమునే అత్యల్ప మోతాదులో మెల్లకన్నును సరిచేయుటకు వాడవచ్చునని అమెరికా నేత్రవైద్యుడు అలన్ స్కాట్ 1980లో నిరూపించెను. 1989లో ఆ దేశము దానిని కంటి జబ్బులకు మందుగా అంగీకరించెను.

నరము కండరమునకు పంపు ఆజ్ఞను ఈ మందు అడ్డగించును. అందుచే బిగిసిన కండరము సడలును. కొలది దినములలో గుణము మొదలై, సుమారు 3, 4 నెలలకు తీరిపోవును. పిమ్మట మరల పొడిపించుకొనవలెను. ఇది కండరమును సడలించునే గాని, అరిగిన కీలును బాగుచేయదు. కొందరికి ఉపశమనము కలిగినను, పరిశోధనల ఫలితములు ఏకరీతిగా లేవు. గట్టి పదార్థములు నములు శక్తి తగ్గవచ్చును. నవ్వు ఒకవైపునకు వంకరపోవచ్చును. పలుమారులు పొడిచినచో దవడ ఎముక పలుచబడవచ్చునను అనుమానమును గలదు. గర్భిణులకును, కండరముల బలహీనత రోగము గలవారికిని ఇది తగదు. శీతల పేటికలో భద్రపరుపవలసిన ఈ మందును శిక్షణ పొందిన వైద్యుడే ఈయవలెను. గ్రామములో తిరుగు అర్హత లేని వైద్యునిచే పొడిపించుకొనుట ప్రమాదకరము.

పెక్కుమందికి ఇంత ఖర్చు అవసరముండదు. కొన్ని వారములు మెత్తని అన్నము, పప్పు తినుట, వక్క, పొగాకు మానుట, దినమునకు రెండు మూడు సారులు వెచ్చని గుడ్డతో కాపడము పెట్టుట, పెదవులు మూసియున్నను పండ్లు తగులకుండ ఉంచుకొనుట, వైద్యుడు నేర్పిన దవడ వ్యాయామము చేయుట, ఇవియే మొదటి చికిత్స. నిద్రలో పండ్లు కొరుకువారికి దంతవైద్యులు పండ్లపై తొడుగు అమర్తురు. వీనితో తగ్గనప్పుడే సూది మందు మాట ఎత్తవలెను.

అయితే మూడు సందర్భములలో కాపడములతో కాలము గడుపరాదు. కాలికి ముల్లో, ఇనుపముక్కయో గ్రుచ్చుకొన్న పిదప దవడ బిగిసినచో అది ధనుర్వాతము కావచ్చును. ధనుర్వాత క్రిమి పైన చెప్పిన క్రిమికి దాయాదియే. కాని దాని విషము కండరములను సడలింపదు, బిగించును. రోగిని వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. నడచునప్పుడు దవడ నొచ్చి, చెమటపట్టి, రొమ్ము బరువెక్కినచో గుండెపోటుగా శంకించి 108కు ఫోను చేయవలెను. వక్క, గుట్కా నములువారికి నోరు నానాటికి తెరచుకొనకున్నచో అది పుండుగా, కేన్సరుగా పరిణమింపగల వ్యాధి, ఆలస్యము తగదు.

పంచాయతి సభ్యులు చేయదగినది స్వల్పమే, కాని విలువైనది. దవడ నొప్పి గలవారిని మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అవసరమైనచో గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలకో, విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలకో పంపవలెను. 10, 16 ఏండ్ల పిల్లలకును, గర్భిణులకును ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు టీడీ టీకా ధనుర్వాతమునుండి కాపాడును. అది అందరికిని అందినదో లేదో విచారింపవలెను. పొలములో గాయపడిన కూలిని ఆ దినమే ఆరోగ్య కేంద్రమునకు పంపునట్లు రైతులకు చెప్పవలెను. సూది మందుకై అప్పుచేయబోవు కుటుంబమును ఒక్క క్షణము ఆపి, "ముందుగా అర్హతగల వైద్యునికి చూపితిరా?" యని అడిగినచో, ఆ ఇంటికి మేలు చేసినవారగుదురు.