లాప్‌టాప్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

రికార్డు రాయాలన్నా, ప్రాజెక్టు రిపోర్టు కొట్టాలన్నా ఈనాడు లాప్‌టాప్ లేనిదే విద్యార్థికి పని జరగదు. మన హాస్టల్ గదుల్లో ఉన్నవి చాలావరకు అన్నలు వాడి వదిలినవి, లేకపోతే సెకండ్‌హాండ్‌లో కొన్నవి. కీ నొక్కిన చాలాసేపటికి అక్షరం తీరుబడిగా రావడం, మౌస్ కదిపితే బాణం గుర్తు ఆగి ఆగి దూకడం వీటికి మామూలే. షాపుకు తీసుకెళ్తే "బోర్డు పోయింది తమ్ముడూ, కొత్తది తీసుకో" అంటారు. కొత్తదంటే మాలాంటి ఇళ్లలో ఒక పంట మీద మిగిలిందంతా పెట్టాలి. కాబట్టి షాపు మెట్లెక్కే ముందు మనంతట మనం ఏమేమి చూసుకోవచ్చునో తెలుసుకోవడం అవసరం.

కీ నొక్కగానే కీబోర్డులోని చిన్న కంట్రోలరు అది ఏ కీనో గుర్తించి లోపలికి కబురు పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టం ఆ కబురును మనం తెరిచిన ప్రోగ్రాముకు అందిస్తుంది. ప్రోగ్రాము అక్షరాన్ని గీస్తే తెర దాన్ని చూపిస్తుంది. మామూలు తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య సుమారు 17 మిల్లీసెకన్లు. నొక్కిన కీకి జవాబు సెకనులో పదోవంతు, మహా అయితే రెండు పదోవంతులు దాటకూడదని రాబర్ట్ మిల్లర్ 1968లోనే రాశాడు. మనకు చిరాకు పుట్టిందంటే ఈ దారిలో కబురు ఎక్కడో ఆగిందన్నమాట.

చివరి పొలానికి కాలవ నీరు అందకపోతే మా నాన్న వెంటనే బోరు వేయించడు. గట్టు వెంబడి పైకి నడుస్తాడు. పూడిక పడిందా, గండి పడిందా, పైరైతు తూము ఎత్తి పెట్టుకున్నాడా అని చూస్తాడు. ఇక్కడా అదే పద్ధతి.

మొదట కీబోర్డు. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్ కీని 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ అనే సదుపాయం కావాలా అని అడుగుతుంది. చేతులు వణికేవారి కోసం పెట్టిన ఏర్పాటు అది. ఠక్కున నొక్కి వదిలిన కీని లెక్కచేయదు. చదవకుండా ఎంటర్ కొట్టేవాళ్లం మనలో ఎంతమంది లేరు! సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద దాన్ని ఆపెయ్యవచ్చు. వైర్‌లెస్ మౌస్ ఒక్కటే తడబడుతుంటే దాని రిసీవరును యుఎస్‌బి 3 పెన్‌డ్రైవుకు దూరంగా, అవతలి వైపు పెట్టి చూడండి. ఆ పోర్టు నుంచి వచ్చే రేడియో అలజడి మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పడుతుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి ఉంటే మాత్రం కింద బ్యాటరీ ఉబ్బిందేమో. అప్పుడు వాడటం ఆపెయ్యండి, అది నిప్పుతో పని.

అసలు దొంగ చాలాసార్లు డిస్కు దగ్గర దొరుకుతాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. నా లాప్‌టాప్‌లో ఏ పనీ చేయకుండానే డిస్కు గడిలో 100 శాతం కనిపించింది, మెమరీ కూడా నిండుగానే ఉంది. దీని అర్థమేమిటి? ర్యామ్‌లో చోటు చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టం కొంత సరుకును డిస్కుకు మోసి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. కల్లంలో చోటు లేక బస్తాలు ఊళ్లో గాదెకు చేరవేసి, కాటా వేళకు మళ్లీ మోసుకొచ్చినట్టు. ర్యామ్ నుంచి ఒక అంకె తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్‌డిస్కు నుంచి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. లక్ష రెట్లు! నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు కావాలి. కావలసిన చోటు సూది కిందికి వచ్చేదాకా ఎంత గొప్ప ప్రాసెసరైనా చేతులు కట్టుకు కూర్చోవలసిందే. ఎస్‌ఎస్‌డిలో తిరిగే భాగమే లేదు. అక్కడ పట్టేది సుమారు 100 మైక్రోసెకన్లు, హార్డ్‌డిస్కుతో పోలిస్తే నూరోవంతు.

బోర్డు పోయిందని తేల్చిన ఆ లాప్‌టాప్‌కు డిస్కు మాత్రం మార్పించాను. ఈ వ్యాసం దానిమీదే కొట్టాను.

అంతకు ముందు ఖర్చులేని పనులు చేసి చూడాలి. బ్రౌజరులో తెరిచిన ముప్ఫై ట్యాబులు మూసెయ్యండి. స్టార్టప్ పట్టీలో అక్కరలేనివి ఆపండి. డిస్కు చెడిపోయే ముందు కూడా ఇలాగే నిలిచి నిలిచి నడుస్తుంది గనుక నోట్సులన్నీ వేరేచోట కాపీ చేసుకోవడం మొదటి పని. ర్యామ్ పెంచాలనుకుంటే ముందుగా కనుక్కోండి, కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది.

మొదటి పది నిమిషాలు బాగా నడిచి తరువాత నీరసిస్తే అది వేడి. బాగా కాగినప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నూర్పిళ్ల రోజుల్లో ఇంట్లో వాడిన మా లాప్‌టాప్ విప్పితే ఫ్యాను పక్క రెక్కల మధ్య దుమ్మూ నూగూ దుప్పటిలా పేరుకుని ఉంది. ఫ్యాను తిరగకుండా పట్టుకుని ఊదాలి. పరుపు మీద పెట్టి వాడినా గాలి ఆడదు. కొన్ని మోడళ్లు సొంత చార్జరును గుర్తించకపోయినా వేగం తగ్గించేస్తాయి.

ఇవన్నీ చూశాక షాపుకు వెళ్లాల్సివస్తే ర్యామ్ ఎంత, డిస్కు ఏ రకం, ఏ పనిలో ఆలస్యమవుతోంది అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. డిస్కు మార్పిస్తే పాతది అడిగి వెనక్కి తీసుకోండి, మన ఫోటోలూ సర్టిఫికెట్లూ అందులోనే ఉంటాయి.