ఏటికొకసారి సెప్టిక్ ట్యాంకు పరీక్ష



ఉగాది దాటి మృగశిర కార్తె వచ్చులోపల మీరు ఇంటి కప్పు చూచుకొందురు. గొర్రు, గుంటక బాగు చేయించుకొందురు. బోరు మోటారు పైకి తీసి చూపించుకొందురు. కాని దొడ్డిలో బండల క్రింద నున్న సెప్టిక్ ట్యాంకును తలచువారు అరుదు. అది పొంగి వాకిటికి వచ్చిననాడు గాని గుర్తునకు రాదు. ఆనాడు తొందరపడి చేయు పనియే ప్రాణము మీదికి తెచ్చును.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమము ప్రారంభమైన పిమ్మట మన పల్లెలలో మరుగుదొడ్లు విరివిగా ఏర్పడినవి. వాటిని కట్టించుట ఒక పని, కాపాడుకొనుట మరియొక పని. ఈ రెండవ పనికి ఏడాదికి ఒక్క పూట చాలును.

లోపల జరుగు పని

ట్యాంకులో చేరిన మలినము మూడు పొరలుగా ఏర్పడును. బరువైనది అడుగున మడ్డిగా దిగును. జిడ్డు, తేలిక పదార్థము పైన తెట్టుగా తేలును. నడుమ నీరు నిలుచును. గాలి తగలని ఆ చోట సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకు జీర్ణము చేయును గాని పూర్తిగా కరగించలేవు. మిగిలినది ఏటేటా పెరుగుచునే యుండును. మడ్డి పెరిగినకొలది నీరు నిలుచుటకు చోటు తగ్గును. అప్పుడు మలినము తేరుకొనకయే ఇంకుడు గుంతలోనికి పోయి దానిని పూడ్చివేయును. ఒకసారి పూడిన గుంతను బాగు చేయుట కష్టము.

అయిదుగురున్న ఇంటికి 1.5 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 1 మీటరు నీటి లోతు గల ట్యాంకు సరిపోవునని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. అడుగు, గోడలు నీరు కారకుండ గట్టిగా నుండవలెను. సిమెంటు వరలు దింపి అడుగు వేయక విడిచినది సెప్టిక్ ట్యాంకు కాదు, అది ఇంకుడు గుంత మాత్రమే. మీ ఇంట నున్నది ఏదో ముందుగా తెలిసికొనవలెను.

మీ నేల ఎటువంటిది?

ట్యాంకునుండి వెలుపలికి వచ్చు నీరు చూచుటకు తేటగా నున్నను, అందు రోగక్రిములు ఉండును. ఆ నీటిని శుభ్రపరచు పని నేలదే. మన ప్రాంతమున ఆ నేల అంతటను ఒక్క తీరుగా లేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. వానకు నేల ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అందువలన గుంత పొంగుటయు, ట్యాంకు గోడలు చీలుటయు కలదు. పెన్న ఒడ్డు ఇసుక నేలలలో నీరు మిక్కిలి త్వరగా దిగి, శుభ్రపడకయే బావిని చేరవచ్చును.

నాపరాతి నేలలలో ప్రమాదము మరియొక తీరుది. జమ్మలమడుగుకు వాయవ్యముగా, కొలిమిగుండ్ల మండలములో నున్న బెలుం గుహలను మీలో పలువురు చూచియుందురు. 3 కిలోమీటర్లకు పైబడిన ఆ గుహలను తొలిచినది నీరే. సున్నపురాతి పగుళ్లలో నీరు వడపోత లేకయే కాలువ వలె పారును. పులివెందుల వైపు పలుచోట్ల మట్టి పలుచన, రాయి దగ్గర. అక్కడ ఇంటి వారికిని చీనీ తోటకును ఆధారము బోరే గనుక అక్కడి వారు మరింత జాగ్రత్త వహింపవలెను.

ఇంకుడు గుంత త్రాగునీటి బావికి, బోరుకు కనీసము 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగుల దూరమున ఉండవలెను. పగుళ్లున్న రాతి నేలలో ఈ దూరము చాలునని నమ్మరాదు. ఎంత ఎడముగా వీలైన అంత ఎడముగా, బోరునకు పల్లపు దిక్కున గుంతను ఉంచుట మేలు. బోరు చుట్టును సిమెంటు గట్టు వేయవలెను. ఏడాది కొకసారి నీటిని పరీక్ష చేయించవలెను.

క్రొత్తగా గుంత త్రవ్వువారు ముందు ఈ చిన్న పరీక్ష చేయవచ్చును. నీరు ఇంకవలసిన లోతు వరకు జానెడు వెడల్పున చిన్న గుంట తీసి, నీరు పోసి రాత్రి అంతయు నాననిండు. మరునాడు తిరిగి నీరు పోసి గడియారము చూడుడు. అంగుళము నీరు తగ్గుటకు గంటకు మించి పట్టినచో అక్కడ ఇంకుడు గుంత పనికిరాదు. అట్టి చోట ట్యాంకు తరువాత కంకర నింపిన వడపోత గదిని కట్టించి, ఆ నీటిని మూసిన కాలువకు పంపవలెను. ఇంజనీరు సలహా లేక ఈ పని తలపెట్టరాదు.

పరీక్ష చేయు విధము

1. ఇద్దరు పెద్దవారు కలిసి చేయవలెను. పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను.

2. మూత తీసి పావుగంట సేపు ఎడముగా నుండవలెను. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదు. లోపలి వాయువు భగ్గున మండును. తల వంచి లోనికి చూడరాదు.

3. పొడవైన కఱ్ఱ దిగువ భాగమునకు పాత తెల్లగుడ్డ చుట్టి, అడుగు తగులువరకు నిలువుగా దింపి, రెండు మూడు నిమిషములు ఉంచి మెల్లగా తీయవలెను. నల్లగా అంటిన మేర మడ్డి లోతు. పైని తెట్టు మందమును వేరొక కఱ్ఱతో కొలువవలెను.

4. మడ్డి, తెట్టు కలిసి నీటి లోతులో మూడవ వంతైనచో ట్యాంకును తీయించవలెను. సామాన్యముగా ఇది 2, 3 ఏండ్ల కొకసారి వచ్చును.

5. గాలి గొట్టము జాలి చినిగినచో దోమలు పెరుగును. క్రొత్త జాలి కట్టవలెను.

6. మూతబండలు చీలినవేమో చూడవలెను. నాపబండ మీదుగా ట్రాక్టరు గాని బండి గాని పోనీయరాదు.

7. ఇంకుడు గుంత దగ్గర తడి, దుర్వాసన, ఒకే చోట ఏపుగా పెరిగిన గడ్డి కనబడినచో గుంత పూడుచున్నదని గుర్తింపవలెను.

చూచిన తేదీని, మడ్డి కొలతను గోడమీద గాని పుస్తకమున గాని వ్రాసి ఉంచిన యెడల మరు ఏటికి లెక్క తెలియును.

మనిషిని దింపరాదు

ఇది అన్నిటికంటె ముఖ్యము. ట్యాంకులో విషవాయువులు నిలుచును. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గల వాయువు ఎక్కువైనప్పుడు ముక్కునకు వాసనయే తెలియకుండ చేయును. వాసన లేదని దిగినవాడు క్షణములలో పడిపోవును. వానిని తీయుటకు దిగిన రెండవవాడును, మూడవవాడును అట్లే పోవుదురు. ఎవరైన పడినచో వెనుకనే దిగక అగ్నిమాపక దళమును పిలువవలెను.

2013 నాటి చట్టము సెప్టిక్ ట్యాంకులలోనికి రక్షణ లేకుండ మనిషిని దింపి శుభ్రము చేయించుటను నిషేధించినది. తొలి తప్పునకే 2 సంవత్సరముల వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని కలవు. ఈ చావులకు పరిహారము 30 లక్షల రూపాయలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న నిర్ణయించినది. పరిహారము వచ్చును గాని మనిషి రాడు. కూలి కొంత మిగులునని ఒక ఇంటి దీపమును ఆర్పరాదు. పీల్చు యంత్రము గల ట్యాంకరునే పిలిపించవలెను. గ్రామాధికారులు ఈ సంగతి ఇంటింటికి తెలుపవలెను.

తీసిన మడ్డి

ట్యాంకరు వానిని "మా చేనిలో పోయుము, ఎరువగును" అని అడుగువారు కలరు. ఇది పొరపాటు. పచ్చి మడ్డిలో ఏలికపాముల గుడ్లు, రోగక్రిములు ఉండును. దానిని చేనిలో గాని, కూరగాయలకు గాని, వంకలో గాని పోయరాదు. శుద్ధి కేంద్రమునకే పంపవలెను. ఎరువు కోరువారికి రెండు గుంతల మరుగుదొడ్డి తగినది. నిండిన గుంతను రెండేండ్లు మూసి ఉంచి, రెండవ గుంతను వాడుకొనినచో మొదటిదానిలోనిది మట్టి వలె మారును. దానిని భయము లేక చేనికి తోలవచ్చును.

ట్యాంకును తీయించునపుడు కొంచెము మడ్డి అడుగున మిగిల్చి, వెంటనే నీటితో నింపవలెను. ఆ కొంచెమే పాలకు తోడు వలె క్రొత్త మడ్డిని పని చేయించును.

చేయరానివి

యాసిడు, ఎక్కువ ఫినాయిలు పోయరాదు. గుడ్డలు, ప్లాస్టిక్, నూనె వేయరాదు. మిద్దెమీది వాననీటిని ట్యాంకులోనికి మళ్లింపరాదు. స్నానపు నీటిని వేరుగా అరటి, కొబ్బరి పాదులకు పారించుట మంచిది. దగ్గర రావి, వేప నాటరాదు. వాటి వేళ్లు గోడలను చీల్చును.

బావిలో ఊట ఉన్నంతకాలము ఊరు ఉండును. ఆ ఊటను కాపాడు పనిలో ఈ యొక్క పూట మీ వంతు. ఈ ఏడు మృగశిరకు ముందే ఒక కఱ్ఱ, ఒక తెల్లగుడ్డ సిద్ధము చేసికొనుడు.